హిరైతు

ఎడారి గాలి నేర్పిందట. ఆ మాట చదివి వినిపించడానికి ఆ అమ్మాయి పనిగట్టుకుని దోహాలో మా నజ్మా పేట దాకా వచ్చింది. మా హార్డ్‌వేర్ అంగట్లో పెయింటు డబ్బాల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టి, పక్క హోటల్ నుంచి సులేమానీ టీ తెప్పించాను. పేరు కారిస్ అంది. దోహాలో ఏదో బడిలో టీచరట. సొంత దేశం వేల్స్, అంటే ఇంగ్లండు పక్కనే ఉండే కొండల చిన్న దేశం. ఆ దేశపు మగవాళ్ళు కలిసి పాడుకునే క్వయర్ ఒకటి ఖతార్‌లో చాలా ఏళ్ళుగా ఉంది. దాని వార్షికోత్సవం వస్తోందనీ, క్వయర్ చరిత్రను పుస్తకంగా వేస్తున్నామనీ, అది పుట్టింది మెసయీద్‌లో కాబట్టి ఆ రోజుల్లో అక్కడి క్యాంపుల్లో ఉన్నవాళ్ళెవరైనా దొరికితే ఒక పేజీకి సరిపడా కబుర్లు రాసుకుందామనీ వచ్చింది. వీధి చివర కిరాణా కొట్టతను నా పేరు చెప్పాడట, ముసలాయన, కథలు రాస్తాడు, పాతవన్నీ గుర్తుంటాయి అని. గుర్తున్నాయి. అదే వచ్చిన చిక్కు.

ముందు ఫోన్లో పాట వినిపించింది. మొన్నటి ప్రాక్టీసులో తీసిందట. వాళ్ళ పాటల్లో తరచుగా వచ్చే మాట ఒకటుంది, హిరైత్ అని. ఇల్లు విడిచినవాడికి ఇంటి మీద పుట్టే బెంగ, తిరిగి పోలేని చోటు మీద మనేద అని దాని అర్థం. ఫోన్లో ఆ కుర్రాళ్ళు, నా కొడుకు ఈడు వాళ్ళు, ఆ మాటను హిరైత్ అని ఆపలేదు. హిరైతూ అని సాగదీసి చివరి ఉకారాన్ని నెత్తిన మూట దించినట్టు మెల్లగా దించారు. నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఎందుకలా పాడుతున్నారని అడిగాను. ఆమె సంబరపడిపోయింది. అది మా క్వయర్ ప్రత్యేకత, వేల్స్‌లో ఎక్కడా ఇలా పాడరు అంది. తర్వాత పుస్తకం చిత్తుప్రతి తీసి చదివింది. క్వయర్‌ని స్థాపించినాయన ఒక సాయంత్రం ఎడారిలో నిలబడి గాలి నిట్టూర్పు విన్నాడట. ఆ నిట్టూర్పునే మాట చివర చేర్చాడట. ఇంకో వాక్యం కూడా ఉంది. పక్క క్యాంపుల్లోని కార్మికులు కిటికీల దగ్గర చేరి విని ఆనందించేవారట.

అరికాలి మంట నెత్తికెక్కింది. కిటికీ దగ్గర కాదమ్మా, లోపల, వెనక వరసలో నిలబడి పాడాం, ఆ ఉకారం గాలిది కాదు, మా ఓబులేసు మామది అన్నాను. గట్టిగానే అన్నాను కాబోలు, మేకులు కొనడానికి వచ్చిన పాకిస్తానీ ఒకడు బేరం మానేసి నన్నే చూస్తూ నిలబడ్డాడు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకునేవాళ్ళను చూశాను గానీ, చెట్టునే దాచేసి కాయలు ఆకాశం నుంచి రాలాయని చెప్పేవాళ్ళను అప్పుడే చూశాను.

అప్పట్లో మెసయీద్‌ను ఉమ్ సయీద్ అనేవాళ్ళు. ఎరువుల ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగితే అమోనియా ఘాటుకు కళ్ళు మండేవి. ఉతికి ఆరేసిన లుంగీల్లోకి, దిండు గలీబుల్లోకి, అన్నంలోకి కూడా ఆ వాసన ఎక్కేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, ఆరు నెలలు పోతే ఊళ్ళో దిగినప్పుడు ఏదో తక్కువైందని వెతుక్కునేవాళ్ళు. నేను స్టోర్స్‌లో అసిస్టెంటును. ఇంటర్ పాసై, మీసాలు వచ్చీ రాని వయసులో వచ్చాను. మా రూములో అయిదుగురం, అందరం కదిరి వైపు పల్లెల వాళ్ళమే. ఓబులేసు మామ మా పక్క ఊరివాడు. రక్తసంబంధం ఏమీ లేదు. వచ్చిన మొదటి రోజు బస్సు దిగుతుంటే నా ట్రంకుపెట్టె అందుకుని, ఏ ఊరని అడిగి, మా అమ్మ వాళ్ళ ఇంటిపేరు విని, అయితే నువ్వు నాకు అల్లుడవుతావులే అన్నాడు. అంతే, మామ అయిపోయాడు.

మామ ఏసీ మెకానిక్కులకు హెల్పరు. అంతకుముందు రైతు. చెనక్కాయ చేలు, వరసగా ఎండిపోయిన బోర్లు. పొద్దున లేవగానే కిటికీ తెరిచి ఆకాశం చూసేవాడు. ఖతార్ ఆకాశంలో ఏముంటుంది మామా అని మేము నవ్వితే, అలవాటు రా అనేవాడు. మెస్‌లో పరోటాలు పెట్టేవాళ్ళు. మామ శుక్రవారం వాటిని ముట్టేవాడు కాదు. సెలవులకు పోయి వచ్చినవాళ్ళు తెచ్చిన రాగిపిండి ఒక బిస్కెట్ డబ్బాలో దాచి, స్కాఫోల్డింగ్ పలక ముక్కతో కార్పెంటరు చేసిచ్చిన తెడ్డుతో సంగటి కెలికేవాడు. చెనక్కాయలు వేయించి ఎండుమిరపకాయలు వేసి ఊరుబిండి నూరేవాడు. ఆ రోజు మా రూము తలుపు ముందు చెప్పులు పెట్టడానికి చోటుండేది కాదు. తిన్నాక మంచం కింద నుంచి చెక్కలు తీసేవాడు. ఊళ్ళో మామ చెక్కభజన గురువు. వేళ్ళ మధ్య చెక్కలు టకటకలాడుతుంటే ఆయన ఎత్తుకునేవాడు, మేము అందుకునేవాళ్ళం. ఆయన గొంతు అడుగుగొంతు. ఆయన పాడుతుంటే ఇనుప మంచం కోళ్ళు అదిరేవంటే అతిశయం కాదు, చేయి పెట్టి చూశాను.

ఆఫీసర్ల కాలనీలో ఒక రిక్రియేషన్ హాలు ఉండేది. గురువారం సాయంత్రాలు అక్కడ వేల్స్ వాళ్ళు పాడుకునేవాళ్ళు. పాడించేది ఇవాన్ సార్, ఆ క్వయర్ పెట్టినాయన, మెయింటెనెన్స్ ఇంజనీరు. పొడుగ్గా, ఎర్రగా, వంగిన వీపుతో ఉండేవాడు. వాళ్ళ పాట మన భజనలాగా అందరూ ఒక్కటే పాడేది కాదు. ఒకరు పైన, ఒకరు మధ్యన, ఒకరు కింద, వేరువేరుగా పోతూనే ఒక్కటిగా వినిపిస్తారు. వాళ్ళకు పైగొంతులు బోలెడు, అడుగుగొంతు మాత్రం ఇద్దరు ముగ్గురు, వాళ్ళూ ఆగలేక పైకి జారిపోయేవాళ్ళు. ఒక గురువారం హాల్లో ఏసీ మొరాయిస్తే మామ నిచ్చెన ఎక్కాడు. నేను కింద ఫిల్టర్ పట్టుకుని నిలబడ్డాను. కింద వాళ్ళు పాడుతున్నారు. మామ పైన స్క్రూలు తిప్పుతూ, తనకు తెలియకుండానే, ఆ అడుగు వరసను ముక్కుతో పట్టుకుని నిలబెట్టేశాడు. ఇవాన్ సార్ చెయ్యెత్తి అందరినీ ఆపేశాడు. హాలంతా ఆగిపోయింది, నిచ్చెన మీది పాట ఆగలేదు. ఆ సాయంత్రమే మా రూముకు వచ్చి పిలిచాడు. పీట వేసి పిలిచాడని చెప్పాలి, అబద్ధం ఎందుకు. తర్వాతి గురువారం నుంచి మేము అయిదుగురం వాళ్ళ వెనక వరస.

పాటలన్నీ వాళ్ళ భాషలో. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే నోరు తిరగదు. ఇవాన్ సార్ పలుకుతుంటే నేను తెలుగు అక్షరాల్లో రాసేవాణ్ణి. అచ్చులు అచ్చంగా మనవే, మామా వాళ్ళు గడగడా చదివేసేవాళ్ళు. ఒక్క అక్షరం మాత్రం నాలుక పక్క నుంచి బుసకొట్టినట్టు పలకాలి. చల్లమిరపకాయ కొరికినప్పుడు వచ్చే శబ్దం రా అది అని మామ చెప్పాడు, అందరికీ వచ్చేసింది. మధ్యలో టీ తాగేటప్పుడు ఇవాన్ సార్ వాళ్ళ కథలు చెప్పేవాడు. బొగ్గుగనుల నుంచి పైకి వచ్చి, మసి కడుక్కుని, చర్చిలో చేరి పాడుకున్నవాళ్ళే ఈ క్వయర్లు మొదలుపెట్టారట. వాళ్ళ తాతల కాలంలో బడిలో సొంత భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క వేలాడదీసేవాళ్ళట. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. నేను తెలుగులో చెప్పాను. మామ తల ఆడించాడు. మాకాడ చెక్క చేతిలో ఉంటాది, మీకాడ మెడలో కట్టినారా సార్ అన్నాడు. ఇవాన్ సార్ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూశాను. ఆ నీళ్ళు చూశాను కాబట్టే నాకు ఇప్పటికీ కోపం తగ్గదు.

హిరైత్ దగ్గరే తగువు వచ్చింది. తెలుగువాడి నోటికి మాట హల్లు మీద ఆగదు. బస్ బస్సు అవుతుంది, కార్ కారు అవుతుంది. మేము అయిదుగురం ఏకగ్రీవంగా హిరైతు అనేవాళ్ళం. ఇవాన్ సార్ ఆపించేవాడు, నాలుక పళ్ళ మధ్య పెట్టి చూపించేవాడు, చేత్తో గాలిని కోసి చూపించేవాడు. మళ్ళీ హిరైతే. చివరికి ఒక రోజు విసిగి, ఈ మాట ఎంత బరువైనదో తెలుసా, అంటూ దాని అర్థం విడమరిచి చెప్పాడు. నేను మామకు చెప్పాను. మామ ముఖం విప్పారింది.

“అంటే రైతే గదా సార్. భూమి ఇడిసిపెట్టి వచ్చినోడు. హి రైతు. మా మాటే ఇది, మీకాడికి ఎట్ల పోయిందో ఏమో.”

రైతు అంటే ఏమిటని ఇవాన్ సార్ నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన తన వాళ్ళ వైపు తిరిగి, మా తాత గొర్రెలూ పొలమూ వదులుకునే గనిలోకి దిగాడు, ఇకమీదట అందరూ ఓబులేసు పాడినట్టే పాడండి అన్నాడు. దొరలందరికీ ఆ ఉకారం మామే నేర్పాడు, ఎక్కడ ఊపిరి వదలాలో చేత్తో చూపిస్తూ. ఎడారీ లేదు, గాలీ లేదు. ఏసీ మోత తప్ప ఆ హాల్లో గాలి అనేదే లేదు.

మొదటి కచేరీ దోహాలో పెద్ద హోటల్లో పెట్టారు. మాకు తెల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లు, క్వయర్‌వాళ్ళు అందరికీ ఇచ్చిన ఎర్ర టైలు. మామ టై నేనే కట్టాను. కంపెనీ బస్సులో పోయాం. హోటల్ గేటు దగ్గర సెక్యూరిటీ వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఫ్యామిలీస్ ఓన్లీ, నో బ్యాచిలర్స్. గల్ఫ్‌లో ఈ మాటకు నిఘంటువులో అర్థం వెతకకూడదు. భార్య పక్కన లేకుండా క్యాంపులో బతికే కూలివాడు బ్యాచిలర్. ముగ్గురు బిడ్డల తండ్రి, పెద్ద కూతురికి సంబంధాలు చూస్తున్న ఓబులేసు మామ బ్యాచిలర్. నిజంగానే పెళ్ళి కాని వేల్స్ కుర్రాడొకడు మా కళ్ళముందే ఈల వేసుకుంటూ లోపలికి పోయాడు, వాడు ఫ్యామిలీ. ఇవాన్ సార్ వచ్చాడు. సెక్యూరిటీతో మాట్లాడాడు, మేనేజరుతో మాట్లాడాడు, గడియారం చూసుకున్నాడు. టైమయింది, ఈసారికి ఏమీ చేయలేను, మళ్ళీసారి చూద్దాం అన్నాడు. చేయగలిగింది ఒకటుంది. వాళ్ళు లేకపోతే మేమూ పాడం అనవచ్చు. అనలేదు. లోపలికి పోయాడు. వెనకాలే కమిటీ మనిషి ఒకడు వచ్చి, టైలు క్వయర్‌వి, ఇచ్చేయండి అన్నాడు. ముడి విప్పడం మామకు రాదు. ఉచ్చు వదులు చేసినట్టు లాగి తల మీదుగా తీసి, వాడి చేతిలో పెట్టాడు. మేము సముద్రం ఒడ్డున గట్టు మీద బస్సు కోసం కూర్చున్నాం. వాళ్ళు లోపల ఏం పాడారో, ఎవరు చప్పట్లు కొట్టారో మాకు తెలియదు.

వారం తిరక్కుండానే ఇవాన్ సార్ మా రూముకు వచ్చాడు. క్షమించమన్నాడు. ప్రాక్టీసులకు మాత్రం మానకండి, మీరు వెనక ఉంటే మావాళ్ళకు అడుగుగొంతు కుదురుతుంది, ప్రాక్టీసుకు గేటు సమస్య ఉండదు అన్నాడు. ఆ మాట తెలుగులోకి మార్చడానికి నాకు నోరు రాలేదు, అయినా మార్చాను. మామ సంగటి కెలుకుతున్నాడు. తెడ్డు ఆపలేదు.

“కళ్ళంలో తొక్కేదానికి ఎద్దు కావల్ల, గాదె కాడికి మాత్రం రాకూడదు. ఆ ఎద్దును వేరే యాడన్నా చూసుకోమని చెప్పు అల్లుడా.”

చెప్పాను. ఇవాన్ సార్ వెళ్ళిపోయాడు. మేము మళ్ళీ ఆ హాలు మెట్లెక్కలేదు. గురువారం సాయంత్రాలు కాలనీ వైపు నుంచి పాట వినిపించేది. హిరైతూ అనే పాడేవాళ్ళు. నేర్చుకున్నది నోటికి పట్టేసింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో నాకు ఆ వయసులోనే తెలిసింది. మామ లేచి కిటికీ మూసేవాడు. కిటికీ దగ్గర చేరి ఆనందించడం అంటే అదీ.

ఇవన్నీ కారిస్‌కు చెప్పాను. రాసుకుంది. మంచి పిల్ల. నేను కోరింది ఒక్కటే. ఆ పుస్తకంలో ఓబులేసు అనే పేరు ఉండాలి, ఆ ఉకారం ఆయనది అని ఉండాలి. రాయలేకపోతే దాన్ని పాడే హక్కు మీకు లేదు అన్నాను. ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేశాను. మామకు ఇప్పుడు కాళ్ళు పనిచేయవు, అరుగు మీదే పగలంతా. చెవులు మాత్రం పాము చెవులు. క్వయర్ ఇంకా ఉందనీ, ఉకారంతోనే పాడుతున్నారనీ చెప్పాను. పేరు గురించి నేను ఆవేశంగా చెప్పిందంతా విన్నాడో లేదో తెలియదు.

“పేరు దేనికిలే. ఒకసారి ఇనిపిస్తావా? ఆ పొద్దు హోటల్ లోపల ఎట్ల పాడినారో ఇనలేదు గదా నేను.”

ఇన్నేళ్ళూ ఆ మాట మనసులో పెట్టుకుని ఉన్నాడు. నేను ఎరగను. వార్షికోత్సవం రోజు తప్పకుండా వినిపిస్తానని మాటిచ్చాను.

కచేరీకి నాలుగు రోజుల ముందు కారిస్ మళ్ళీ వచ్చింది. టికెట్లు రెండు తెచ్చింది, నాకూ నా భార్యకూ. ముఖం చూడగానే అర్థమైంది. కమిటీ కూర్చుని మాట్లాడిందట. ఇవాన్ సార్ పోయి చాలాకాలమైంది, గాలి సంగతి ఆయనే క్వయర్ పాత వార్షిక సంచికలో రాసుకున్నాడు, దాన్ని కాదనడానికి ఆధారం లేదన్నారట. వివాదం వద్దని ఆ పేరానే తీసేస్తున్నారట. అంతేకాదు, ఇకమీదట హిరైత్ అనే పాడతారట, వేల్స్‌లో పాడినట్టే. మీ మనోభావాలను గౌరవించి, అంది పాపం ఆ పిల్ల, ఎవరో చెప్పమన్న మాట. ఒక పేరు రాయడం కంటే నాలుక తిప్పుకోవడమే సులభమైందన్నమాట వాళ్ళకు. ఏరు దాటి తెప్ప తగలేయడం పాత మాట. వీళ్ళు తెప్ప ఉండేదనే సంగతినే తగలేశారు. టికెట్లు చింపేద్దామనుకున్నాను. మామకు ఇచ్చిన మాట అడ్డం వచ్చింది. పాట మారిందని ఆయనకు చెప్పనూ లేకపోయాను.

హాలు గేటు దగ్గర ఈసారి నన్ను ఎవరూ ఆపలేదు. పక్కన పట్టుచీరలో నా భార్య ఉంది, నా తల నెరిసింది, ఫ్యామిలీ వీసా వచ్చి చాలా ఏళ్ళయింది. సెక్యూరిటీ కుర్రాడు, మనవాడే, జగిత్యాల వైపు మాట, వంగి సలాం చేసి తలుపు తెరిచాడు. వాడు మాత్రం బయటే నిలబడాలి. ఇప్పుడు బ్యాచిలర్ల కోసం ఏషియన్ టౌన్ అని విడిగా కట్టారు, సినిమా హాళ్ళున్నాయి, క్రికెట్ గ్రౌండుంది, అన్నీ ఉన్నాయి, ఊరికి దూరంగా. కాలం మారిందని మా అంగడికి వచ్చే చదువుకున్న పిల్లలు అంటుంటారు. మారింది. అప్పుడు మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టారు, ఇప్పుడు గేటు దాకా రానవసరం లేకుండా ఏర్పాటు చేశారు.

ఆ పాట చివరికి ఉంచారు. నేను ఊరికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, వేదిక వైపు తిప్పి పట్టుకున్నాను. అవతల మామ కూతురు ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి, ఇను నాయనా అనడం వినిపించింది. నా భార్య నా మోచేతిని గిల్లింది, నేను పట్టించుకోలేదు. వాళ్ళు ఎత్తుకున్నారు. బాగా పాడారు, కోపమున్నా నిజం చెప్పాలి. అడుగుగొంతులు నేలలోంచి వచ్చినట్టు వచ్చాయి. పాట పైకెక్కి, ఆ మాట దగ్గరికి వచ్చింది. ఆ మాట తర్వాత ఒక నిడుపాటి ఊపిరంతసేపు పాట ఆగుతుంది. హిరైత్, అన్నారు అందరూ. నాలుక పళ్ళ మధ్య కొరికి ఆపేశారు. హాలంతా చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం.

అంత దూరం నుంచి గొంతు చేరడానికి ఫోన్లో ఎప్పుడూ కొంచెం ఆలస్యమవుతుంది. ఆ నిశ్శబ్దంలోకి, నా చేతిలోంచి, ఓబులేసు మామ గొంతు వచ్చింది. పగిలిపోయిన గొంతే, అయినా అడుగునే ఉంది. హిరైతూ అని మాటను చివరిదాకా తీసుకెళ్ళి దించింది. ముందు వరసల తలలన్నీ వెనక్కి తిరిగాయి. పాడించే మనిషి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వేదిక మీద వెనక వరసలో నెరిసిన తలలవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సూటు వేసుకున్న కుర్రాడొకడు పరిగెత్తుకుంటూ వచ్చి, నా మీదికి వంగి, సార్, ఫోన్ ఆపేయండి అన్నాడు. మాఫీ అన్నాను. ఇక్కడి అరబ్బీలో కుదరదు పో అని. ఫోన్ ఇంకా పైకెత్తి పట్టుకున్నాను. అప్పుడు మామ మాట్లాడాడు. అది హాల్లో సగం మందికైనా వినిపించి ఉంటుంది, తెలుగు వచ్చినవాళ్ళం మాత్రం నేనూ నా భార్యా ఇద్దరమే.

“అదేందిరా అల్లుడా, రైతును గొంతులోనే తొక్కేసినారు. ఎవురు నేర్పినార్రా వీళ్ళకు?”